ఇంగ్లీష్ మాత్రం చూసి పెట్టండి

"మేడమ్, ఇంగ్లీష్ మాత్రం ఒకసారి చూసి పెట్టండి."

మా అపార్ట్‌మెంట్ల సొసైటీ సెక్రటరీ గారి నుంచి మెసేజ్. దాని కింద ఒక ఉత్తరం. నేను నోయిడాలో మా ఆఫీసు క్యాంటీన్‌లో కూర్చుని పెరుగన్నం డబ్బా అప్పుడే మూత తీశాను. ఉత్తరం చదివాక మళ్ళీ మూత పెట్టేశాను. నాకు కోపమొస్తే మొదట చచ్చేది ఆకలి. ఈ విషయం మా ఇంట్లో అందరికీ తెలుసు, అందుకే భోజనాల వేళ నాతో ఎవరూ పేచీ పెట్టుకోరు.

ఆ ఉత్తరం మా గేటు దగ్గరి గార్డు గురించి. అతన్ని పంపిన సెక్యూరిటీ ఏజెన్సీకి రాసింది. ఫలానా గురువారం మధ్యాహ్నం ఈ గార్డు తన పోస్టును 'అబాండన్' చేసి పోయాడని, అతన్ని వెంటనే తీసేసి వేరే మనిషిని పంపమని అందులో ఉంది.

ఆ గురువారం మధ్యాహ్నం ఏం జరిగిందో సెక్రటరీ గారికి తెలుసు. నోయిడా పక్కనే వైశాలిలో ఉన్న మా సొసైటీ మూడు బ్లాకులకీ తెలుసు. మా ఆయన మందులకని కిందికి దిగి, పార్కింగ్‌లో స్కూటర్ పక్కన కుప్పకూలిపోయారు. షుగర్ పడిపోయింది. మే నెల ఎండ. పిట్ట కూడా బయట లేని వేళ. గేటు దగ్గర్నుంచి చూసిన గార్డు పరుగెత్తుకొచ్చి, మనిషిని భుజాన వేసుకుని, రోడ్డు మీద పోతున్న ఈ-రిక్షా ఆపి, రెండు వీధుల అవతల ఉన్న నర్సింగ్ హోమ్‌కి తీసుకెళ్ళాడు. అక్కడ డ్రిప్ ఎక్కించేదాకా కూర్చున్నాడు. మా ఆయన ఫోన్ నుంచే నాకు చేశాడు. "మేడమ్‌జీ, సాబ్ ఠీక్ హై. మీరు నిదానంగా రండి. ఎండగా ఉంది, క్యాబ్‌లోనే రండి" అన్నాడు. ఆ కంగారులో కూడా ఎండ సంగతి చెప్పాడని మాత్రం గుర్తుంది.

అతను గేటు దగ్గర లేనిది నలభై నిమిషాలు. ఆ నలభై నిమిషాల్లో నీళ్ళ ట్యాంకర్ ఒకటి ఎంట్రీ రాయించకుండా లోపలికొచ్చి, మా ట్రెజరర్ గారి కారు పక్కన గీత పెట్టింది. అదీ నేరం.

ఏజెన్సీ దగ్గర ఒక పద్ధతుంది. పోస్టు వదిలి పోయాడని సొసైటీ లెటర్‌హెడ్ మీద రాసిస్తే ఆ గార్డు పేరు ఎదురుగా ఒక రిమార్కు పడుతుంది. ఆ రిమార్కు పడినవాణ్ణి ఆ ఏజెన్సీయే కాదు, చుట్టుపక్కల ఇంకో ఏజెన్సీ కూడా తీసుకోదు. ఇతనిది బుందేల్‌ఖండ్. నలభై దాటిన మనిషి, ఇంటి దగ్గర నలుగురు. ఆ ఒక్క మాట అతని నోటి దగ్గర కూడు తీసేస్తుంది. ఆ మాటకి స్పెల్లింగ్ సరిగ్గా ఉందో లేదో చూసి పెట్టమని నన్ను అడుగుతున్నారు. నన్ను! ఆ గార్డు భుజాన మోసుకెళ్ళింది ఎవరి మొగుణ్ణి?

సెక్రటరీ గారు చెడ్డవారని కాదు. మా ఆయన్ని చూడ్డానికి యాపిల్ పళ్ళు పట్టుకొచ్చారు, పావుగంట కూర్చుని, వేసవిలో నిమ్మరసం తాగడం గురించి చెప్పి వెళ్ళారు. ఆయన మనసులో యాపిల్ పళ్ళు ఒక ఫైలు, ఉత్తరం వేరే ఫైలు. ఈ రెండూ ఒకే మధ్యాహ్నానికి సంబంధించినవని ఆయనకి తట్టనే లేదు. తట్టకపోవడమే నాకు ఎక్కువ మండించింది.

ఈ ఇంగ్లీష్ చూసే ఉద్యోగం నాకెలా అంటుకుందో చెప్పాలి. మాది తెనాలి. ఇరవై ఏళ్ళుగా నోయిడాలో సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో టెక్నికల్ రైటర్‌ని. అంటే ఇంజనీర్లు చేసినదాన్ని మనుషులకు అర్థమయ్యేట్టు రాసిపెట్టడం, చేయలేకపోయినదాన్ని క్లయింటుకు కోపం రాకుండా రాసిపెట్టడం. రెండో పనే ఎక్కువ. మాటకి మాట పక్కన పెట్టి ఏది ఎంత బరువుందో చూడటం నాకు కూరలో ఉప్పు చూసినంత అలవాటు. సొసైటీలో ఈ సంగతి తెలిశాక నన్ను "ఇంగ్లీష్ మేడమ్" అనడం మొదలుపెట్టారు. లిఫ్ట్ నోటీసూ నా దగ్గరకే, హోలీ నోటీసూ నా దగ్గరకే. కందకు లేని దురద కత్తిపీటకెందుకని మా ఆయన ఎన్నిసార్లు అన్నారో. నేను వినలేదు. పిలిచి మెచ్చుకుంటే ఎవరికి చేదు?

ఆ సాయంత్రం ఇంటికొచ్చి ఉత్తరం మళ్ళీ చదివాను. ఈసారి నిదానంగా. 'అబాండన్' ఉన్న వాక్యం పోకడ ఎక్కడో చూసినట్టుంది. మధ్యలో ఒక కామా ఉంది. మా సెక్రటరీ గారు జన్మలో అలాంటి చోట కామా పెట్టరు. ఆయనకు కామా అంటే పడదు, ఫుల్‌స్టాప్ కూడా మొహమాటానికి పెడతారు.

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, నా ఫోన్‌లో పాత మెసేజ్‌లు వెతకడం మొదలుపెట్టాను. మా అమ్మాయి పక్కన కూర్చుని చూస్తోంది. కాలేజీలో చదువుతోంది. తెలుగు అంతా అర్థమవుతుంది, జవాబు మాత్రం హిందీలో వస్తుంది.

"చూడు, ఎంత దారుణంగా రాశారో" అని దాని చేతికిచ్చాను.

అది చదివి, "మమ్మీ, యే తో ఆప్‌కా హీ స్టైల్ హై" అంది, ఇది నీ స్టైలే కదా అని.

దొరికింది. అంతకు ముందు చలికాలంలో నేను దిద్దిన ఉత్తరమే. తేదీ మార్చారు, గార్డు పేరు మార్చారు, టైము మార్చారు. మిగిలినదంతా నాదే. ఆ కామా నాదే. ఆ 'అబాండన్డ్' నాదే.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మనవాళ్ళు ఏ ఆఫీసులోనైనా ఉత్తరాన్ని మొదటినుంచీ రాయరు. "ఫార్మాట్ ఉందా?" అని అడుగుతారు. ఎప్పుడో ఎవరో ఎవరి గురించో రాసినదాన్ని తెచ్చి, పేరు తీసేసి పేరు పెడతారు. సెలవు చీటీ నుంచి సంతాప తీర్మానం దాకా అన్నీ అంతే. పాత చొక్కా గుండీలు మార్చి తొడిగినట్టు. తొడిగించుకునేవాడికి సరిపోతుందా అని ఎవరూ చూడరు.

ఆ చలికాలం నాకు బాగా గుర్తుంది. పొగమంచు రోజులు. అప్పుడు గేటు దగ్గర ఉండేది వేరే గార్డు. ఇతనికంటే పెద్దవాడు, అరవైకి దగ్గర. నా చేతిలో కూరల సంచీ ఉంటే లిఫ్ట్ దాకా తెచ్చిపెట్టి, తలుపు పట్టుకుని నిలబడేవాడు. ఒక పొద్దున కమిటీ మెంబర్ ఒకాయన కారు హారన్ కొడుతుంటే గేటు తీసేవాళ్ళు లేరు. ఆయన కారు దిగి, తన సొంత చేతులతో గేటు తీసుకోవలసి వచ్చింది. ఎంత ఘోరం! ఇరవై నిమిషాల తర్వాత గార్డు వచ్చాడు. సెక్రటరీ గారు ఉత్తరం రాశారు. ఇరవై నిమిషాలపాటు గార్డు గేటు వదిలి వెళ్ళాడని, హి లెఫ్ట్ ది గేట్ అని, తిన్నగా రాశారు. ఇంగ్లీష్ చూడమని నాకు పంపారు.

నేను చూశాను. 'లెఫ్ట్' మరీ చప్పగా ఉందనిపించింది. స్కూలు పిల్లాడి కంపోజిషన్‌లా ఉందనిపించింది. దాన్ని కొట్టేసి 'అబాండన్డ్ హిజ్ పోస్ట్' అని పెట్టాను. పక్కన 'ఎలాంటి సమాచారమూ ఇవ్వకుండా' అని చేర్చాను. వాక్యానికి ఊపు రావాలని కామా తగిలించాను. అంతా కలిపి రెండు నిమిషాల పని. సెక్రటరీ గారు "వాహ్ మేడమ్, క్యా ఇంగ్లీష్ హై!" అని పంపారు, కింద చప్పట్ల బొమ్మలు. రెండు రోజులు ఆ చప్పట్లతోనే నా కడుపు నిండింది. మా ఆయనకి కూడా చదివి వినిపించాను.

ఆ రెండు మాటల మధ్య తేడా నాకు తెలియదా? అది నా వృత్తి. 'లెఫ్ట్' అంటే వెళ్ళాడు, అంతే. వెళ్ళినవాడు వస్తాడు. 'అబాండన్డ్' అంటే గాలికొదిలేసి పోయాడు. పసిబిడ్డని చెత్తకుండీ దగ్గర పెట్టేసి పోయేవాళ్ళకీ, మునుగుతున్న పడవని వదిలి దూకేవాళ్ళకీ వాడే మాట. ఇరవై నిమిషాల్లో తిరిగొచ్చిన ముసలాయనకి నేను ఆ మాట తొడిగాను. ఎందుకు వెళ్ళాడని అడగలేదు. కొత్త గార్డు వచ్చినప్పుడు పాతాయన ఏమయ్యాడని కూడా అడగలేదు. కూరల సంచీని ఈ కొత్తతను కూడా తెచ్చిపెట్టాడు, నాకు సరిపోయింది.

ఆ కొత్తతనే మా ఆయన్ని మోసుకెళ్ళినవాడు.

మా ఆయన మంచం మీద దిండుకు ఆనుకుని కూర్చుని ఉన్నారు. రెండు ఉత్తరాలూ చూపించాను. ఆయన కళ్ళజోడు పెట్టుకుని రెండూ చదివి, "నాకు చదివి వినిపించింది ఇదేనా? బాగుందని కూడా అన్నట్టున్నా" అన్నారు.

"అన్నారు."

"ఇద్దరం ఒకటే గూటి పక్షులం" అని ఉత్తరాలు నా చేతిలో పెట్టారు. "ఇప్పుడేం చేస్తావే? ఊరికే మండిపడితే ఆ గార్డు ఉద్యోగం నిలబడదు."

మండిపడటం మాత్రం ఆగలేదు. ఇరవై ఏళ్ళుగా నేను చేస్తున్నదేమిటో ఆ రాత్రంతా కళ్ళముందు తిరిగింది. ఆఫీసులో పెద్ద మేనేజర్ ఫైలు చూడటం మర్చిపోతే నేను 'ఓవర్‌సైట్' అని రాస్తాను, ఏదో చూపు జారినట్టు. కాంట్రాక్ట్ మీద ఉన్న కుర్ర ఇంజనీర్ మర్చిపోతే 'నెగ్లిజెన్స్', నిర్లక్ష్యం. పైవాడు ఉద్యోగం మానేస్తే కొత్త అవకాశాల కోసం 'మూవ్ ఆన్' అయ్యాడు. కిందివాడు మానేస్తే 'అబ్‌స్కాండ్' అయ్యాడు, నేరం చేసి పరారైనట్టు. పైవాళ్ళకు 'కన్సర్న్' ఉంటుంది, కిందివాళ్ళు 'కంప్లయింట్' చేస్తారు. నిఘంటువులో ఈ మాటల అర్థాలు పక్కపక్కనే ఉంటాయి, అన్నదమ్ముల్లా. బయటికొచ్చాక జీతాన్ని బట్టి విడిపోతాయి. ఏ మాట ఎవరికని నాకెవరూ నేర్పలేదు, రాసిపెట్టలేదు. అయినా ఒక్కసారి కూడా పొరపాటున తారుమారు చేయలేదు నేను. ఆ నేర్పుకే నాకు జీతమిచ్చారు. సిగ్గేసింది.

ఆదివారం క్లబ్ రూములో కమిటీ మీటింగ్. నేను మెంబరుని కాను, అయినా వెళ్ళి కూర్చున్నాను. ఇంగ్లీష్ మేడమ్ కదా, పొమ్మనలేరు. సెక్రటరీ గారు సమోసా ప్లేటు నా వైపు జరిపి, "చూశారా మేడమ్? ఉత్తరం ఓకేనా?" అన్నారు.

"ఓకే కాదు. తప్పుంది. దిద్దుకొచ్చాను" అని కాగితం తీసి చదివాను. నాలుగు ముక్కలే. గేటు దగ్గర డ్యూటీలో ఉన్న గార్డు, పార్కింగ్‌లో స్పృహ తప్పిన నివాసిని ఆస్పత్రికి తీసుకెళ్ళడానికి గేటు విడిచి వెళ్ళాడు. నలభై నిమిషాల తర్వాత తిరిగి వచ్చాడు. ఆ సమయంలో గేటు దగ్గర రెండో మనిషి లేడు. రెండో మనిషిని పెట్టమని ఏజెన్సీని కోరుతున్నాం.

ట్రెజరర్ గారు అన్నారు, "మేడమ్, ఇలా రాస్తే ఇందులో ఇక కంప్లయింట్ ఏముంది?"

"అదేనండీ నేనూ అడుగుతున్నది."

"నా కారు?"

"మీ కారుకి గీత పెట్టింది ట్యాంకర్. ట్యాంకర్‌వాడి మీద రాద్దాం. దానికి మంచి మాటలు నేనే ఏరి పెడతాను."

ఒకరిద్దరు నవ్వారు. సెక్రటరీ గారు నవ్వలేదు. "మేడమ్, మీ ఫీలింగ్స్ నాకర్థమవుతాయి. భాయీసాబ్ విషయంలో మేమంతా కృతజ్ఞులమే. కానీ ప్రొసీజర్ ఈజ్ ప్రొసీజర్. పోస్టు పోస్టే" అన్నారు.

"పోయిన నెల మీటింగ్‌కి మీరు రాలేదు. మినిట్స్ నేనే దిద్దాను. సెక్రటరీ తన పోస్టు అబాండన్ చేశాడని రాయలేదే. అనివార్య కారణాల వల్ల హాజరు కాలేకపోయారని రాశాను. ఆ అనివార్య కారణం మీ బావమరిది ఇంట్లో గృహప్రవేశం."

ఆయన మొహం ఎర్రబడింది. అరిచానేమో, గుర్తులేదు. అరిచే ఉంటాను. మా అమ్మాయి బయట మెట్ల మీద కూర్చుని విన్నానని తర్వాత చెప్పింది.

చివరికి ఆయన చేతులెత్తేసి, "అచ్ఛా, ఠీక్ హై. వదిలేద్దాం. అసలు ఈ ఫార్మాట్ మీదే కదా మేడమ్!" అన్నారు. "ఎంత బాగుందో అని దాచుకున్నాం. పక్క సొసైటీలవాళ్ళు కూడా అడిగి తీసుకున్నారు. ఢిల్లీలో ద్వారక దగ్గర మా కజిన్ వాళ్ళ సొసైటీకి కూడా పంపాను."

మెచ్చుకోలుగానే అన్నారు. నాకు మాత్రం చెంప మీద కొట్టినట్టయింది. ఇంకెన్ని గేట్ల దగ్గర ఎన్ని పేర్లు ఆ కామా పక్కకి చేరాయో నాకు తెలియదు. తెలుసుకునే దారి కూడా లేదు.

మర్నాడు పొద్దున గేటు దగ్గర ఆగి గార్డుకి చెప్పాను. ఉత్తరం పోవడం లేదని, నిశ్చింతగా ఉండమని. అతను నమస్కారం పెట్టి, "ఏం ఉత్తరం మేడమ్‌జీ?" అన్నాడు. అతనికి అసలు తెలియనే తెలియదు. తన మెడ మీదికి కత్తి వచ్చి వెళ్ళిందని కూడా తెలియకుండా నాలుగు రోజులు మాకు గేటు తీశాడు.

ఉత్తరమంటే ఏమిటో చెప్పాల్సొచ్చింది. చెప్పాక, ముందున్న గార్డు గురించి అడిగాను. అతనికి తెలుసు. ఇద్దరిదీ ఒకటే జిల్లా, ఒకే గదిలో ఉంటున్నారు.

"చాచాకి ఇంకా పని దొరకలేదు మేడమ్‌జీ. పొద్దున్నే కార్లు తుడుస్తున్నాడు. గార్డు పనికి అన్ని గేట్లకీ తిరిగాడు. వైశాలి అయింది, నోయిడా అయింది. మీరిచ్చిన సర్టిఫికెట్ చూపిస్తాడు. చదువుతారు, తర్వాత చెప్తామంటారు."

"నేనిచ్చిన సర్టిఫికెట్టా?"

"ఇంగ్లీష్‌లో ఉంటుంది కదా, సొసైటీ మొహర్‌తో. లెక్క తేల్చినప్పుడు ఏజెన్సీ గుమాస్తా ఒక కాపీ ఇచ్చి 'ఇదుగో నీ కాగితం' అన్నాడట. చాచా దాన్ని ల్యామినేషన్ చేయించుకున్నాడు. మా సొసైటీలో ఇంగ్లీష్ మేడమ్ స్వయంగా రాసిందని అందరికీ చెప్తాడు."

గేటు కమ్మీ పట్టుకుని నిలబడిపోయాను. వెనక ఆఫీసు క్యాబ్ హారన్ కొడుతోంది. దాన్ని ఆగమని చెయ్యి చూపించి, ఆ చలికాలం పొద్దున ఆ ఇరవై నిమిషాలు చాచా ఎక్కడికి వెళ్ళాడని అడిగాను.

అతను నేల చూశాడు. "టాయిలెట్‌కి, మేడమ్‌జీ. ఇక్కడ మాకు లేదు కదా. మెట్రో స్తంభాల అవతల ఉన్నదానికి పోవాలి. చాచాకి షుగర్, చలిలో ఆగదు. పెద్దాయన, నడక నిదానం."

క్లబ్ రూము పక్కన ఒకటుంది. దాని తలుపు మీద 'వాష్‌రూమ్, ఫర్ రెసిడెంట్స్ ఓన్లీ' అని బోర్డు. ఆ బోర్డు కూడా నేనే దిద్దాను. మొదట 'టాయిలెట్' అని రాసి ఉంటే నాజూగ్గా లేదని 'వాష్‌రూమ్' చేశాను.

షుగర్ ఉన్న నా మొగుణ్ణి ఒక గార్డు భుజాన వేసుకుని పరుగెత్తాడు. షుగర్ ఉన్న ఇంకో గార్డు ఒంటికి పోసుకోవడానికి వెళ్తే నేను అతను దేన్నో అబాండన్ చేశాడని రాశాను.

ఆ రోజు ఆఫీసుకు వెళ్ళలేదు. ఇంట్లో కూర్చుని, ఏ ఫార్మాటూ లేకుండా, మొదటి అక్షరం నుంచీ ఒక ఉత్తరం రాశాను. ఈయన మా గేటు దగ్గర పనిచేశాడు, నమ్మకస్తుడు. ఆ రోజు వ్యక్తిగత అవసరం మీద కాసేపు గేటు విడిచి వెళ్ళి తిరిగొచ్చాడు. వెనకటి ఉత్తరంలో వాడిన మాట తప్పు, దాన్ని వెనక్కి తీసుకుంటున్నాం. మా లెటర్‌హెడ్ మీద ప్రింట్ తీయించి సెక్రటరీ గారి ఇంటికి వెళ్ళాను. ఆయన గునిశారు. పాత కేసు ఎందుకు తవ్వడమన్నారు. సంతకం పెట్టకపోతే ఇకమీద మీ ఇంగ్లీష్ మీరే చూసుకోండన్నాను. వార్షిక సమావేశం రిపోర్టు నా దగ్గరే ఉంది, అప్పటికి సగం కూడా కాలేదు. సంతకమూ పడింది, మొహరూ పడింది. అదే కాగితం ఏజెన్సీకి ఒకటి పంపాను. రిమార్కు తీసెయ్యడానికి తమ దగ్గర ఫార్మాట్ లేదని వాళ్ళు జవాబిచ్చారు. రోజూ ఫోన్ చేస్తున్నాను. నేనూ తెనాలిదాన్నే.

శనివారం పొద్దున మెట్రో స్టేషన్ మెట్ల కింద పెద్దాయన్ని కలిశాను. గార్డు వెంటబెట్టుకొచ్చాడు. పెద్దాయన మనిషి చిక్కిపోయాడు, చేతులు సబ్బు నీళ్ళకి పాలిపోయి ఉన్నాయి. నన్ను చూసి సంతోషించాడు. అది నాకు కష్టమైంది. చొక్కా లోపలి జేబులోంచి ల్యామినేట్ చేసిన కాగితం తీసి, ఎండకి తళుక్కుమంటుంటే అరచేత్తో తుడిచి చూపించాడు.

"దాచుకున్నాను మేడమ్‌జీ. మీరే రాశారట కదా."

"నేనే రాశాను" అన్నాను. అక్కడినుంచి ఏ మెత్తటి మాటా వెతుక్కోకుండా చెప్పేశాను. ఇది సర్టిఫికెట్ కాదని, ఫిర్యాదని. పని వదిలేసి పారిపోయాడని ఇందులో ఉందని. ఆ మాట నేను పెట్టిందేనని, తెలిసి పెట్టానని.

ఆయన కాగితాన్ని చాలాసేపు చూశాడు. చదవడం రాకపోయినా చూశాడు. నా మీద కోప్పడతాడనుకున్నాను. కోప్పడితే బాగుండుననుకున్నాను.

"ఎన్ని గేట్ల దగ్గర చూపించానో" అన్నాడు. "సూపర్‌వైజర్లు చదివారు, మీలాంటి సాబ్‌లు చదివారు. ఒకాయనైతే నవ్వాడు కూడా. నేను మంచి మాట ఉందేమో అనుకున్నా. చదివి నా చేతికే ఇచ్చారు. ఒక్కరూ చెప్పలేదు."

కొత్త ఉత్తరం చేతిలో పెట్టాను. ఆయన తీసుకోలేదు.

"ముందు చదవండి. హిందీలో చెప్పండి" అన్నాడు.

జనం మెట్లు దిగుతూ మమ్మల్ని తోసుకుంటూ పోతున్నారు. ఒక్కో వాక్యం చదివి హిందీలో చెప్పాను. నమ్మకస్తుడు అన్నచోట తల ఊపాడు. వ్యక్తిగత అవసరం దగ్గర చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఇదేంటి మేడమ్‌జీ? నాకేం సొంత పని ఉంది?"

మర్యాదగా ఉంటుందని అలా రాశానన్నాను. మళ్ళీ అదే పని చేశానని, చెప్తుంటే తెలిసింది.

"టాయిలెట్ అని రాయండి. అక్కడ లేదని కూడా రాయండి. లేకపోతే ఇది చదివినవాళ్ళు నేను ఏ పేకాటకో పోయాననుకుంటారు" అన్నాడు. తర్వాత కొంచెం మెత్తగా, "ఆ ఒక్క మాట ఇంగ్లీష్‌లో నేనూ గుర్తుపడతాను. బోర్డుల మీద ఉంటుంది కదా" అన్నాడు.

బ్యాగులోంచి పెన్ను తీసి, మొహర్ పడిన కాగితం మీదే, నా నాజూకు మాటని అడ్డంగా కొట్టేశాను. పైన పెద్దక్షరాలతో రాశాను. గేటు దగ్గర గార్డులకు అది లేదని కూడా రాసి పక్కన సంతకం పెట్టాను. ఆయన కాగితం తీసుకుని ఆ మాట మీద వేలు పెట్టి, ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదువుకున్నాడు. సరిపోయిందని తల ఊపి, ల్యామినేషన్ షాపు ఎన్నింటికి తెరుస్తారని గార్డుని అడిగాడు.